ఫ్యాను రెక్క మీద పేరు

పల్లెటూరి చర్చిలో చాప మీద కూర్చుని ఒకసారి తల పైకెత్తితే ఫ్యాను కనిపిస్తుంది. తిరుగుతున్నంతసేపూ అది మామూలు ఫ్యానే. కరెంటు పోయి రెక్కలు మెల్లగా ఆగేసరికి వాటి మీద ఎర్ర పెయింటుతో రాసిన అక్షరాలు బయటపడతాయి: ఫలానా వారి జ్ఞాపకార్థం, కుమారులు, కోడళ్లు. గోడ గడియారం మీద ఒక పేరు, బీరువా తలుపు మీద ఒక పేరు, కుర్చీల వీపుల మీద వరసగా ఒకే పేరు. చనిపోయిన తల్లిని తలుచుకుని, కూలి డబ్బులు కూడబెట్టి ఫ్యాను ఇచ్చిన కొడుకును తప్పుపట్టే పని లేదు. ఊళ్లో ఏ రాయి మీదా తమ ఇంటిపేరు చూసుకోని కుటుంబానికి ఆ రెక్క మీది పేరు ఎంత విలువైనదో బయటివాళ్లకు తేలిగ్గా అర్థం కాదు. కానీ అదే చర్చికి పదేళ్ల తర్వాత ఏసీలు పెట్టించినాయన పేరు, దాని కింద ఆయన ఇచ్చిన మొత్తం, గ్రానైటు పలక మీద చెక్కి గుమ్మం పక్కన బిగించినప్పుడు సంగతి వేరు. ఫ్యాను మీది పేరు తల్లిని తలుచుకుంటోంది. పలక మీది పేరు లోపలికి వచ్చే ప్రతివాడి చూపు కోసం ఎదురుచూస్తోంది. ఈ రెండోదానికి బైబిలు ఒక పేరు పెట్టింది: జీవపు డంబము.

యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయం 16వ వచనం తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి నోటికి వచ్చు. "లోకములో ఉన్నదంతయు, అనగా శరీరాశయు నేత్రాశయు జీవపుడంబమును తండ్రివలన పుట్టినవి కావు, అవి లోకసంబంధమైనవే." ఇందులో శరీరాశ గురించి యౌవనస్థుల కూడికల్లో ఎంతైనా వింటాం. నేత్రాశ అనగానే సినిమాలు, సెల్‌ఫోను, రీల్స్ వరసగా వచ్చేస్తాయి. మూడో మాట దగ్గరికి వచ్చేసరికి టైము అయిపోతుంది, ముగింపు ప్రార్థన మొదలవుతుంది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. మొదటి రెండూ కుర్రకారు పాపాలుగా చెలామణి అవుతున్నాయి. మూడోది పెద్దల పాపం. ముందు వరసలో కూర్చున్నవాళ్లది, కానుక కవరు మీద పేరు రాసి వేసేవాళ్లది, కమిటీలో ఉన్నవాళ్లది, ఒక్కోసారి మైకు పట్టుకున్నవాళ్లది కూడా.

"ఈ కాలం పిల్లలు చెడిపోయారండీ, భయం భక్తీ లేవు" అనే మాట ఏ కూడికలోనైనా వినిపిస్తుంది. ఆ ఆవేదన అబద్ధం కాదు. మద్యం ఇళ్లను కూలుస్తోంది, ఆన్‌లైన్ బెట్టింగులో జీతాలు పోతున్నాయి, మాట మీద నిలబడేవాళ్లు తగ్గారు. కానీ లేఖనాలను జాగ్రత్తగా చదివితే సమాజం కుళ్లడం అట్టడుగున, కుర్రాళ్ల ఆశల్లో మొదలైనట్టు కనిపించదు. గౌరవనీయుల ఇళ్లలో, అందరూ చూసి మెచ్చుకునే చోట మొదలవుతుంది. పిల్లల నేత్రాశకు మేత వేసేది పెద్దల డంబమే. చూపించేవాడు లేకుండా చూసి ఆశపడేవాడు ఉండడు.

డంబము అని మనవాళ్లు అనువదించిన గ్రీకు మాట అలజోనెయ. అలజోన్ అంటే లేని గొప్పలు చెప్పుకునేవాడు. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ శిష్యుడైన థియోఫ్రాస్టస్ మనుషుల స్వభావాలను ఒక్కొక్కటిగా చిత్రిస్తూ ఈ అలజోన్‌ను కూడా చూపించాడు. వీడు రేవు దగ్గర నిలబడి, తన డబ్బు ఎంత సముద్రం మీద వ్యాపారంలో తిరుగుతోందో కొత్తవాళ్లకు చెబుతుంటాడు. మాటల మధ్యలో తన పనివాణ్ని సాహుకారు దగ్గరికి పంపిస్తాడు, అక్కడ వీడిది ఒక్క నాణెం కూడా ఉండదు. ఉండేది అద్దె ఇల్లు. సంగతి తెలియనివాడు కనబడితే మాత్రం అది తాతల నాటి సొంత ఇల్లని, వచ్చేపోయే అతిథులకు చాలడం లేదు కాబట్టి అమ్మేద్దామనుకుంటున్నానని చెబుతాడు. రెండు వేల మూడొందల ఏళ్ల కిందటి మనిషి. ఈఎంఐ మీద కారు కొని, దానికి దండ వేసి, "దేవుడిచ్చిన బహుమానం" అని స్టేటస్ పెట్టి, మూడో నెల కిస్తీకి చెల్లెలి గాజులు తాకట్టు పెట్టే మనిషిని గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి అద్దం దొరకదు. యోహాను పత్రికను సంప్రదాయం ముడిపెట్టే ఎఫెసు కూడా ఒకప్పుడు రేవు పట్టణమే. అలాంటి మనుషులను ఆ పత్రిక విన్నవాళ్లు ఎరగకపోరు.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. జీవపు డంబము అన్నప్పుడు "జీవము"గా మనం చదువుతున్నది గ్రీకులో బియోస్. నిత్యజీవం అన్నప్పుడు వాడే మాట ఇది కాదు, అది వేరు. బియోస్ అంటే బతుకుతెరువు, ఆస్తిపాస్తులు, ఇల్లు గడవడానికి ఉన్న ఆధారం. ఇదే మాట ఇదే పత్రికలో తర్వాతి అధ్యాయంలో మళ్లీ వస్తుంది. అక్కడ తెలుగు అనువాదం "ఈ లోకపు జీవనోపాధి" అని సరిగ్గా పట్టుకుంది: ఆ జీవనోపాధి కలిగి ఉండి, సహోదరునికి లేమి కలగడం చూసి కూడా కనికరం చూపని మనిషిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుంది అని యోహాను అడుగుతాడు. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి కొడుకులకు పంచి ఇచ్చిన ఆస్తి కూడా బియోసే. దేవాలయంలో బీద విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు, ఆమె "తన జీవనమంతయు" వేసిందని యేసు అన్నాడే, ఆ జీవనం కూడా బియోసే.

ఈ చోట్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఒక్క మాట ఎంత దూరం వెళ్తుందో తెలుస్తుంది. తండ్రి ఇచ్చిన జీవనాన్ని ఒక కొడుకు దూరదేశంలో దుబారా చేశాడు. విధవరాలు ఎవరికీ చూపించుకోకుండా ఇచ్చేసింది. లోకం మాత్రం దాన్ని ఎత్తి పట్టుకుని చూపిస్తుంది. బతకడానికి, పంచుకోవడానికి చేతికి వచ్చినదాన్ని చూపించుకోవడానికి వాడడమే జీవపు డంబము. యోహాను దాన్ని ఖండించిన తర్వాతి అధ్యాయంలోనే ఆకలిగా ఉన్న సహోదరుణ్ని ఎందుకు తెచ్చాడో ఇప్పుడు అర్థమవుతుంది. చూపించుకోవడానికి చెయ్యి పైకెత్తి ఉన్నంతసేపూ ఇవ్వడానికి అది కిందికి రాదు.

మార్కు సువార్త 12వ అధ్యాయంలో విధవరాలి సంగతికి సరిగ్గా ముందు ఏముందో చాలామంది గమనించరు. నిలువుటంగీలు వేసుకుని తిరగడం, "సంతవీధులలో వందనములను", సమాజమందిరాల్లో అగ్రపీఠాలను, విందుల్లో అగ్రస్థానాలను కోరుకునే శాస్త్రుల, అంటే ధర్మశాస్త్ర బోధకుల, విషయంలో జాగ్రత్తపడమని యేసు చెబుతున్నాడు. వెంటనే ఇంకో మాట: వీళ్లు విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతారు. ఆ తర్వాతి నాలుగు వచనాల్లో విధవరాలు వచ్చి తన జీవనమంతా వేసి వెళ్లిపోతుంది. అగ్రపీఠం మీది ఆశకూ ఖాళీ అయిన విధవరాలి ఇంటికీ సంబంధం ఉందని మార్కు అమరికే చెబుతోంది. డంబానికి ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఎప్పుడూ ఇంకెవరో కడతారు.

ఎవరు కడతారో చూడాలంటే పెళ్లి ఇంటికి వెళ్లాలి. మాటలు ఖాయం చేసుకునే రోజు. రెండు కుటుంబాలు, మధ్యలో పాస్టరుగారు, ప్రార్థనతో మొదలు. టీలు అయ్యాక పెళ్లికొడుకు తండ్రి గొంతు సవరించుకుంటాడు. "మాకేమీ వద్దు బావగారూ. దేవుడు మాకు చాలా ఇచ్చాడు. మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం. పది మందిలో మా మాట పోకుండా ఉంటే చాలు." ఆ "పది మంది" అనే మాట దగ్గర ఆగాలి. ఈ వాక్యంలో ఎవరూ ఏమీ అడగలేదు. అయినా అమ్మాయి తండ్రికి అంతా అర్థమైంది. పోయినేడు వాళ్ల పెద్దబ్బాయి పెళ్లికి ఎంత వచ్చిందో అందరికీ తెలుసు. ఆ లెక్క కింద పడితే మాట పోయినట్టే. ఇక ఉన్న ఎకరంన్నరలో అరెకరం బేరం పెడతారు, మిగతాదానికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. పాత సంప్రదాయం పాటించే సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటనలు చదువుతారు, ఈ వివాహానికి ఆటంకం ఏదైనా ఎవరికైనా తెలిస్తే చెప్పమని అడుగుతారు. కట్నం ఆటంకమని ఎవరూ లేచి చెప్పరు, ఆ గదిలో ప్రార్థన చేసిన పాస్టరుగారు కూడా చెప్పరు.

తర్వాత డ్రోను, ఎల్ఈడీ తెర, ముప్పై రకాల వంటకాలు, మైకులో చదివింపులు. వీటిని చూసిన పక్కింటి ఆడపిల్ల తన పెళ్లీ ఇలాగే జరగాలనుకోవడం నేత్రాశ అయితే, ఆ పిల్లను మాత్రమే మందలించడం న్యాయం కాదు. అప్పు తీరని తండ్రి తాగుడుకు దిగితే అది శరీరాశ. ఆ అప్పు కోసం ఆఫీసులో చేతులు చాపితే అది లంచం. మళ్లీ ఆడపిల్ల పుట్టిందని ముఖం మాడ్చుకుంటే దానికి ఏ పేరు పెట్టాలో కూడా తెలియదు. వరసలో చివరి పాపాలన్నీ సమాజ పతనమని లెక్కకొస్తాయి. మొదటిదాన్ని మాత్రం పరువు అంటాం.

బైబిల్లో దేవుడు నాశనం చేసిన పట్టణం సొదొమ పేరు ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది లైంగిక పాపం. నైతిక పతనం మీద ప్రసంగించేవాళ్లు తప్పకుండా ఆ పట్టణాన్ని తీసుకొస్తారు. యెహెజ్కేలు ప్రవక్త 16వ అధ్యాయంలో దాని దోషాల పట్టిక ఇచ్చినప్పుడు మొదట రాసింది గర్వము. రెండోది ఆహార సమృద్ధి. మూడోది చీకూచింతా లేని సుఖస్థితి. ఆ తర్వాత, దీనులకు దరిద్రులకు సహాయం చేయకపోవడం. హేయకృత్యాల మాట వీటి వెనక వస్తుంది. కడుపు నిండిన గర్వం పక్కవాడి ఆకలిని కనపడనీయదు, పక్కవాడు కనపడనివాడికి ఇక ఏదైనా చేయవచ్చనిపిస్తుంది. చివరి మెట్టు మీద నిలబడ్డవాళ్లను చూపించి, మొదటి మెట్టు మీద ఉన్న మనం క్షేమమనుకోవడం యెహెజ్కేలు చదివినవాళ్లకు కుదరని పని. ఆయన ఈ పట్టికను రాసింది సొదొమ కోసం కాదు, దేవాలయం ఉన్న యెరూషలేము కోసం. నీ చెల్లెలైన సొదొమను నువ్వు మించిపోయావు అని చెప్పడం కోసం.

బబులోను సంగతీ ఇదే. దానియేలు 4వ అధ్యాయంలో నెబుకద్నెజరుకు ప్రవక్త ఇచ్చిన సలహా చాలా సూటిగా ఉంది: పాపాలు మాని, నువ్వు బాధపెట్టిన వాళ్ల మీద కరుణ చూపించు. పన్నెండు నెలలు గడిచాయి. రాజు మేడ మీద పచార్లు చేస్తూ, ఈ మహా పట్టణాన్ని నా బలంతో నా ఘనత కోసం కట్టించింది నేనే కదా అనుకున్నాడు. బాధపడినవాళ్లు ఆ మేడ మీది నుంచి కనపడలేదు, పట్టణమే కనపడింది. ఆ పట్టణపు ఇటుకలు నేటికీ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ మరికొన్ని చోట్లా ఉన్నాయి. వాటి మీద కీలాక్షరాల్లో ముద్ర కొట్టి ఉంది: బబులోను రాజు నెబుకద్నెజరు, నబోపొలాసరు పెద్ద కొడుకు. ఇటుక ఇటుకకూ పేరు. 1980ల్లో సద్దాం హుస్సేన్ అదే చోట గోడలు మళ్లీ కట్టించినప్పుడు తన పేరు కూడా ఇటుకల మీద వేయించాడు. ఇటుకలు ఉన్నాయి, ఆయన 2003లో ఒక గుంతలో దొరికాడు.

గర్వం గురించి తెలుగు నేల మీద మాట్లాడేటప్పుడు ఒక విషయం తప్పనిసరిగా చెప్పుకోవాలి. లేకపోతే ఇదంతా పేదవాణ్ని పేదవాడిగా ఉండమనే బోధ అయిపోతుంది.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు. ఊళ్లోని పైకులాల వాళ్లు ఆయనను ఆదరించారు, బడికి సాయం చేశారు, ఆసక్తిగా విన్నారు. ఈలోగా తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా మాదిగలు రావడం మొదలైంది. వీళ్లను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను పంపము అని పెద్దలు తేల్చి చెప్పేశారు. క్లౌ ఏమీ తోచక బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం వచ్చింది: మీలో లోకరీతిని జ్ఞానులైనా ఘనులైనా గొప్ప వంశమువారైనా అనేకులు పిలువబడలేదు. పక్క గదిలో ఆయన భార్య కూడా, ఆయన సంగతి తెలియకుండానే, అదే భాగం తెరిచి కూర్చుని ఉందని ఆయన తర్వాత రాసుకున్నాడు. పెద్దలు వెళ్లిపోయారు. మాదిగలు వచ్చారు. ఆ కోస్తా జిల్లాల్లో తెలుగు బాప్టిస్టు సంఘం పెరిగింది ఆ నిర్ణయం మీద.

అదే భాగంలో చివరి మాట, "ఏ శరీరియు దేవుని యెదుట అతిశయింపకుండునట్లు" అన్నది, ఎవరి కోసం రాసినట్టు? తరాల తరబడి చెప్పులు చేతపట్టుకుని వీధి దాటినవాళ్ల కోసమా, దాటించినవాళ్ల కోసమా? తల వంచుకుని బతికిన జనానికి ఇంకా తల వంచుకోమని చెప్పడం సువార్త కాదు. వాళ్లలో ఒకడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బిడ్డను ఇంజనీరింగ్ చదివించి, డాబా కట్టి, గృహప్రతిష్ఠకు ఊరంతటినీ పిలిస్తే దాన్ని డంబమని లెక్కగట్టడానికి తొందరపడకూడదు. అది ఆత్మగౌరవం. మరియమ్మ పాటలో దేవుడు గర్విష్ఠులను చెదరగొట్టి, బలవంతులను సింహాసనాల నుంచి పడదోసి, దీనులను ఎక్కిస్తాడు. దీనులు ఎక్కడం ఆ పాటలో పాపం కాదు, దేవుని పని. ఆత్మగౌరవానికీ డంబానికీ తేడా ఎక్కడుందంటే, గౌరవానికి కింద ఇంకొకడు ఉండనక్కర్లేదు. డంబం ఒకడిని కింద కూర్చోబెట్టకుండా నిలబడలేదు.

బాధ కలిగించే విషయమేమంటే, అలా ఎత్తబడిన సంఘంలోనే మళ్లీ మెట్లు మొలిచాయి. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో ఉపకులం వరకూ రాస్తారు. ఒకే బల్ల దగ్గర ప్రభువు సంస్కారం తీసుకున్న రెండు ఇళ్ల మధ్య సంబంధం మాట వచ్చేసరికి మాల, మాదిగ గీత బిగుసుకుంటుంది. పైకులాల నుంచి వచ్చినవాళ్లు ఇంటిపేరు చివరి తోకతో సహా ఆ గుర్తింపును నిలుపుకుంటారు. ఊళ్లో ఒకరు పడ్డ అవమానం గుడిలో ఇంకొకరికి పంచిపెట్టడం కంటే గర్వం ఎంత లోతుకు దిగుతుందో చెప్పే రుజువు వేరే అక్కర్లేదు.

క్లౌ గురించి ఇంకో సంగతి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె తెలుగు క్రైస్తవులు గొప్పగా చెప్పుకుంటారు, స్మారక సభల్లో బ్యానర్ల మీద వేస్తారు. దాని వెనక ఉన్నదాన్ని తక్కువమంది చెబుతారు. అంతకుముందు మహా కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, వేలమంది ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని, వచ్చేవాళ్ల మనసు తేటపడాలని ఏడాదికి పైగా ఆగాడు. అంకెలు చేతికి అందుతున్నప్పుడు వద్దనుకోవడం, విరాళాలు పంపే దేశానికి చెప్పుకోవడానికి ఏమీ లేకుండా ఉండడం, అది అంకె కంటే పెద్ద సంగతి. వీక్షణల లెక్క చూసుకుని ప్రసంగం నిడివి మార్చుకునే రోజుల్లో ఆ ఏడాది ఖాళీ రిజిస్టరు గుర్తుపెట్టుకోదగ్గది.

మిషనరీలకు గర్వం లేదని కాదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య లేచి మాట్లాడాడు. తిరునల్వేలి ప్రాంతం నుంచి డోర్నకల్ వచ్చి తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్నాడు. రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబరులో, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆ సభలో ఆయన తెల్ల మిషనరీల ముందే వాళ్ల త్యాగాలను ఒప్పుకున్నాడు. మీరు మీ ఆస్తి బీదలకు పెట్టారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు. మేము ప్రేమ కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితులను ఇవ్వండి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ప్రేమ గురించిన 13వ అధ్యాయాన్ని వాళ్ల చేతిలోనే పెట్టాడు. కొందరికి ఆ రోజు కోపం వచ్చింది. ఆయన పట్టుకున్నది చాలా సన్నని గర్వం, అంతా ఇచ్చేసినవాడిలో కూడా మిగిలిపోయేది. ఇచ్చినవాడు పైన, తీసుకున్నవాడు కింద అన్న భావం. బట్టలు పంచి ఫోటో తీయించుకునే ప్రతి సేవలోనూ, తీసుకుంటున్న ముసలమ్మ కెమెరా వైపు చూసేదాకా దుప్పటి వదలని ప్రతి చేతిలోనూ అది ఉంది.

ఈ సన్నని గర్వాన్ని అందరికంటే దగ్గరగా చూసినవాళ్లు 4వ శతాబ్దపు ఈజిప్టు ఎడారిలోని సన్యాసులు. వాళ్లలో ఒకడు, 399లో చనిపోయిన ఎవగ్రియస్, మనిషిని పడదోసే ఎనిమిది తలంపులను రాస్తే, అందులో వ్యర్థ ఘనతను ఒకటిగా, గర్వాన్ని దాని పక్కన వేరొకటిగా పెట్టాడు. వ్యర్థ ఘనత మనుషుల చూపు కోరుతుంది. గర్వానికి ఆ చూపు కూడా అక్కర్లేదు, నన్ను నేనే చేసుకున్నానంటుంది. ఆ బోధను పశ్చిమానికి తీసుకెళ్లిన కాసియన్, వ్యర్థ ఘనతను ఉల్లిపాయతో పోల్చాడు. ఒక పొర తీస్తే కింద ఇంకో పొర. మంచి బట్టలతో మోసం చేయలేకపోతే మాసిన బట్టలతో చేస్తుంది. ఉపవాసం అందరికీ చెబితే గొప్ప, చెప్పకుండా దాచితే దాచానన్నది గొప్ప.

ఈ పొరలు నేటి తెలుగు సంఘంలో ఒలిచి చూస్తే మొదట ఫ్లెక్సీ వస్తుంది, నలభై రోజుల ఉపవాస ప్రార్థన అన్న అక్షరాల కంటే పెద్దగా దైవజనుడి ముఖంతో. దాని కింద సాక్ష్యం. "నేను ఎంత పాపినో మీకు తెలియదు" అని మొదలై, ఎంత దూరం వచ్చానో అన్న దగ్గర ముగిసే సాక్ష్యాలు ఎన్నో. దాని కింద, "నేనేమీ కాదు, అంతా ప్రభువే" అని చెప్పి, ఆ మాటకు చప్పట్లు కొట్టలేదని నొచ్చుకోవడం. విత్తనం విత్తు, నూరంతలు కోయి అనే బోధ వచ్చాక ఆశను వదులుకోమనడం పోయి, ఆశకే ప్రార్థన నేర్పించడం వచ్చింది. ఇంటి ముందు కారు విశ్వాసానికి కొలత అయితే, సైకిలు మీద వచ్చే పాస్టరుగారికి విశ్వాసం తక్కువని అర్థం. ఆ మాట ఎవరూ పైకి అనరు. ఆయన పిల్లలకు మాత్రం తెలుస్తుంది.

లూకా 18వ అధ్యాయంలోని పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే వర్గం మనిషి, ప్రార్థనలో చెప్పుకున్నవేవీ అబద్ధాలు కావు. వారానికి రెండుసార్లు ఉపవాసం చేశాడు, దశమభాగం ఇచ్చాడు, వ్యభిచారి కాడు. సమాజం చెడిపోతోందని బాధపడే ఏ పెద్దమనిషైనా మెచ్చుకునే జీవితం. పాపం ఆ పక్కచూపులో ఉంది: అక్కడే ఉన్న పన్ను వసూలుదారుణ్ని చూపి, "ఈ సుంకరివలెనైనను" నేను లేనందుకు నీకు కృతజ్ఞతలు అన్న మాటలో. ఊరి నైతికతను కాపాడేవాడినన్న భావం ఉన్నవాడికి పాపి కావాలి, పక్కనే, కనబడేలా. అందుకే లోకం పాడైపోయిందన్న ప్రసంగాలు విని బయటికి వచ్చేవాళ్ల ముఖాల్లో పశ్చాత్తాపం కంటే ఊరట ఎక్కువ కనబడుతుంది. అవి పక్కవాళ్ల గురించిన ప్రసంగాలు.

మరి గర్వం తగ్గేదెలా అన్న ప్రశ్నకు యాకోబు పత్రిక చాలా మామూలు చోటు చూపిస్తుంది: కుర్చీ. బంగారు ఉంగరం, మంచి బట్టలు వేసుకున్న ఒకడు, మురికి బట్టల్లో ఒక దరిద్రుడు లోపలికి వచ్చారు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టావు? మనసులో ఏమనుకున్నావని యాకోబు అడగలేదు. వినయం మనసులో పుట్టే దాకా ఆగితే చాలా కాలం పడుతుంది. కుర్చీ ఈ ఆదివారమే జరపవచ్చు. ముందు వరసలో వీఐపీ కుర్చీలకు తెల్ల గుడ్డ తొడగడం మానవచ్చు. ఎమ్మెల్యేగారు వచ్చారని ఆరాధన మధ్యలో ఆపి శాలువా కప్పే అలవాటు వదలవచ్చు. కానుకల జాబితా చదవడం ఆపవచ్చు. లెక్క చెప్పాలి, మొత్తం చెప్పాలి, పేర్లు అక్కర్లేదు. కట్నం తీసుకున్న పెళ్లికి మందిరం ఇవ్వకూడదని సంఘం తీర్మానం చేసుకుంటే మొదట తగాదా వస్తుంది, కొన్ని కుటుంబాలు వేరే చర్చికి వెళ్తాయి. ఒంగోలులో కూడా వెళ్లారు.

పంట కోతల పండుగకు పల్లె సంఘాల్లో గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. బజారులో అరవై రూపాయల గుమ్మడికాయ ఇద్దరు బావల పంతంలో రెండు వేలకు వెళ్తుంది, సంఘం ఈలలు వేస్తుంది, కమిటీ సంతోషిస్తుంది. డబ్బు మంచి పనికే వెళ్తుంది. ఆ సాయంత్రం రెండు వేలు ఓడిపోయినంత ముఖంతో ఇంటికి వెళ్లిన చిన్న బావ సంగతి మాత్రం లెక్కల్లో రాయరు.

అదే సంఘాల్లో ఇంకో అలవాటు ఉంది, చాలా పాతది. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. రోజుకు ఒక పిడికెడు, వారానికి ఒక చిన్న సంచి. ఆదివారం ఆ సంచులు తెచ్చి ప్రసంగ పీఠం ముందున్న పెద్ద బుట్టలో వంపుతారు. కొందరివి సన్నబియ్యం, కొందరివి రేషన్ దుకాణం బియ్యం, ఒకావిడవి నూకలు. ఆరాధన అయ్యాక పాస్టరుగారి ఇంటికి కొంత, ఆ వారం పనికి వెళ్లలేకపోయిన ముసలివాళ్లకు కొంత డబ్బాతో కొలిచి ఇస్తారు. అప్పటికి ఏ గింజ ఎవరింటిదో ఎవరికీ తెలియదు.